రెండు కాగితాలు, ఒక జోస్నా

పోయిన వారం జోస్నాను ఎల్బీనగర్‌లో ఒక అద్దాల బిల్డింగు మెట్ల మీద క్యూలో నిలబెట్టి, మనం మన పనులు చూసుకున్నాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, ఫోల్డరులో రెజ్యూమె. ముందు నిలబడ్డ అబ్బాయి షూ లేసు కట్టుకోవడానికి వంగుతూ తన కాగితం ఆమె చేతికిచ్చి, "జర పట్టుకో సిస్టర్" అన్నాడు. పట్టుకుంది. ఊరికే ఉండలేక చదివింది. అది తన రెజ్యూమే! పేరొక్కటే వేరు.

ఈ వారమే మనతో చేరినవాళ్ళ కోసం ముందు సంగతి కాస్త చెప్పాలి. జోస్నా డిగ్రీ అయ్యాక రెండేళ్ళు గడ్డిఅన్నారంలో వెంకాయమ్మ గారి లేడీస్ హాస్టల్‌ను నడిపింది. హాస్టల్ వెంకాయమ్మదే గానీ నడిపింది మాత్రం జోస్నానే. బిల్డింగు అమ్ముడుపోయింది, హాస్టల్ మూతపడింది, జోస్నా ఇంట్లో కూర్చుంది. తండ్రి ఇస్సాకు ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. కూతురంటే ప్రాణమే గానీ కూతురి ఉద్యోగమంటే అంత పట్టింపు లేదు. "మన ప్రేమ్ కుమార్ ఎచ్చార్ మేనేజర్ అయిండు గదా బిడ్డా, ఇంటికి గది చాలు. నువ్వు చౌటుప్పల్‌ల పెద్దమ్మ కాడికి పోయి కుట్టుమిషన్ నేర్చుకో" అని తేల్చేశాడు. ఈ ఇంటర్వ్యూ పోతే సోమవారం చౌటుప్పల్ బస్సే. అన్న ప్రేమ్ కుమార్ మెడలో టై కట్టుకుని కొత్తపేటలో ఏదో ఆఫీసుకు పోతుంటాడు. కొడుకు మేనేజర్ అయ్యాడని ఇస్సాకు చర్చిలో లేచి నిలబడి, ఇదంతా దేవుడి మేలంటూ సాక్ష్యం కూడా చెప్పాడు. ఆ అన్న చెల్లెలికి పెట్టిన షరతు ఒక్కటే: "దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్లల్ల మాత్రం అడుగు పెట్టకు." ఎందుకన్నా అంటే రెండుసార్లు గొంతు సవరించుకుని, "టైం వేస్ట్" అన్నాడు. చిన్నప్పుడు క్రిస్మస్ కేకు ఎవరు తిన్నారని అమ్మ అడిగినప్పుడు కూడా వాడు అచ్చం అలాగే రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. జోస్నా అది గమనించింది, పట్టించుకోలేదు. స్నేహితురాలు సింధు చెయ్యి పట్టుకుని వెళ్ళి, అన్నకు తెలియకుండా చక్రపాణి సార్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిపోయింది.

కథ అక్కడిదాకా వచ్చింది. ఇక క్యూలోకి పోదాం.

జోస్నా ముందుకు తొంగి చూసింది, వెనక్కి తిరిగి చూసింది. నల్ల ఫోల్డరుంది, నీలం ఫోల్డరుంది, ఫోల్డరు లేక చేతిలో నలుగుతున్న కాగితం ఉంది. అన్నింటి మీదా ఒకటే మాట, 'సవాళ్ళతో కూడిన వాతావరణంలో పనిచేయాలని నా ఆశయం'. అందరికీ రెండేళ్ళ అనుభవం, అదీ చక్రవర్ష ఇన్ఫో సొల్యూషన్స్ అనే చోటే. అందరి హాబీలూ చెస్ ఆడడం, పాటలు వినడం. ఆ రోజు క్యూను బట్టి చూస్తే చక్రవర్ష నగరంలోకెల్లా పెద్ద కంపెనీ అయ్యుండాలి. అసలు సంగతి ఏమిటంటే, చక్రపాణిలో చక్ర తీసుకుని, ఆయన కూతురు వర్ష పేరు దానికి తగిలిస్తే వచ్చిన కంపెనీ అది. దానికి ఆఫీసు లేదు, కుర్చీ లేదు, కనీసం ఒక ఫ్యాను లేదు. ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంది.

ఇదంతా జోస్నాకు తెలియక కాదు. "అనుభవం లేని రెజ్యూమె ఎవరూ తెరవరమ్మాయ్" అని చక్రపాణి సార్ అంటే తలూపింది. ఆయన రాసిందే పంపించమంది. కానీ తనొక్కదానికే రాశారనుకుంది. అబద్ధమైనా తనకంటూ ఒక అబద్ధం ఉంటుందనుకుంది పిచ్చిది!

అప్పుడే లోపలి నుంచి సింధు బయటికొచ్చింది. సింధు వాళ్ళది తెనాలి. గ్రూప్స్ రాద్దామని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, వెంకాయమ్మ హాస్టల్లో జోస్నాకు జతపడి, ఇక్కడే ఉండిపోయింది. నవ్వుతూ లోపలికి వెళ్ళిన పిల్ల మొహం ఇప్పుడు ఇంగువ నమిలినట్టుంది.

"ఏమైందే?"

"అయిపోయింది. మేడమ్ పేరు జ్యోతిక. చక్రవర్ష అన్న మాట కనబడగానే కాగితం పక్కన కుప్పలో పడేసింది. మెడలోతు ఉందే ఆ కుప్ప! పోనీలే అని ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడిగింది. మీరు చేసిన పని ఏదైనా ఒకటి చెప్పండి అంది. నాకు నోరు పెగల్లేదు. చేస్తే కదా చెప్పడానికి!"

సెక్యూరిటీ ఆయన లంచ్ బ్రేక్ అంటూ తలుపు మూశాడు. జోస్నా నంబరు లంచ్ తర్వాత. వెంటనే చక్రపాణి సార్‌కు ఫోన్ కొట్టింది.

"సార్, అందరి రెజ్యూమె ఒక్కతీరే ఉంది సార్!"

"అయితే ఏవైందమ్మాయ్? జ్వరం వస్తే అందరికీ ఒకటే మాత్ర ఇవ్వరూ?" ఆయన గొంతులో చీమ కుట్టినంత కంగారు కూడా లేదు. "నువ్వు ధైర్యంగా కూచో. కంపెనీ వాళ్ళు వెరిఫికేషన్‌కి ఫోన్ చేశారనుకో, మాట్లాడ్డానికి మన కుర్రాడున్నాడు. వాడి గొంతు వింటే ఎంత పెద్ద ఆఫీసరైనా నమ్మి తీరాల్సిందే. ఉంటా." పెట్టేశాడు.

"నేను ఇంటికి పోత" అంది జోస్నా. "చౌటుప్పలే రాసిపెట్టుంది నాకు."

సింధు దారికి అడ్డం నిలబడింది. ఇంగువ మొహం కాస్తా ఎక్కడికో పోయి, కళ్ళు మెరుస్తున్నాయి. "ఆగవే తల్లీ! చేసిన పని ఒకటి చెప్పమంది కదా ఆవిడ. నాకు లేదు, చెప్పలేకపోయాను. నీకు బోలెడుందే! అసలీ ఉద్యోగం దేనికో చదివావా? మనగడప అని అపార్ట్‌మెంట్ల వాళ్ళకి యాప్. నీళ్ళు రాలేదని, లిఫ్టు ఆగిందని వాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడాలి, పని చేయించాలి. రెండేళ్ళు నువ్వు చేసిందేంటి మరి?"

"గదా? గది హాస్టల్‌ల పని. గదేం ఉద్యోగమే?"

చూశారా! చర్చిలో ఎవరైనా ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే జోస్నా 'హాస్టల్‌ల ఉంటున్న' అనేది. చదువుకుంటోంది కాబోలు అనుకునేవాళ్ళు. వాళ్ళు అలా అనుకోవాలనే ఆ మాట వాడేది. చేయని ఉద్యోగాన్ని కాగితం మీద పెట్టడానికి సిగ్గు పడలేదు గానీ, చేసిన ఉద్యోగాన్ని నోటితో చెప్పడానికి సిగ్గు పడింది. దిల్‌సుఖ్‌నగర్ గాలిలోనే ఉందేమో ఈ జబ్బు. నాకైతే ఈ సంగతి తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సింధు ఆమె రెక్క పట్టుకుని సందులోకి లాక్కుపోయింది. టిఫిన్ సెంటరుకూ పంక్చరు షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంది అమ్మాజీ జిరాక్స్ అండ్ డీటీపీ. అమ్మాజీది పాలకొల్లు. ఈ చుట్టుపక్కల ఉద్యోగం వెతుక్కునేవాళ్ళంతా ఆమె కంప్యూటరు ముందు నుంచి వెళ్ళాల్సిందే. ఆమె దగ్గర ఒకే ఒక ఫైలుంటుంది. పాత పేరు చెరిపి కొత్త పేరు కొడుతుంది.

"కూచోండమ్మా. పేరు చెప్పండి, కొట్టేస్తాను. చుట్టూ గులాబీల బార్డరు పెట్టమంటారా, గీతలు పెట్టమంటారా?"

"ఏదీ వద్దాంటీ" అంది సింధు. "కొత్త ఫైలు తెరవండి. తెల్లగా ఉండాలి. మేమే కొట్టుకుంటాం."

అమ్మాజీ లేచి కుర్చీ ఇచ్చింది గానీ వాళ్ళ నెత్తిమీద నుంచి కదల్లేదు.

జోస్నా తన పేరు కొట్టింది. ఫోన్ నంబరు కొట్టింది. ఆ తర్వాత వేళ్ళు అలవాటుగా తండ్రి పేరు దగ్గరికి పోయాయి.

"అది ఎందుకు?" అంది సింధు.

"రాస్తరు గదా అందరు."

"ఉద్యోగం మీ నాన్నకా, నీకా? తీసెయ్. పుట్టిన ఊరు, మతం, పెళ్ళయిందా లేదా, అవన్నీ తీసెయ్. ఆశయం కూడా తీసెయ్, మన ఆశయం ఉద్యోగమని వాళ్ళకి తెలీదేంటి!"

"హాబీలైనా ఉంచండమ్మా" అని అమ్మాజీ బతిమాలింది. "చెస్ అని పెడితే తెలివైన పిల్లనుకుంటారు."

"నాకు చెస్ రాదాంటీ."

"ఎవరికొచ్చమ్మా? అందరూ రాస్తారు!"

హాబీలు పోయాయి. ఆఖర్న 'పైన తెలిపిన వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను' అన్న వాక్యం కూడా పోయేసరికి అమ్మాజీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "డిక్లరేషన్ లేని రెజ్యూమె ఏవిటమ్మా, తాళి లేని పెళ్ళిలాగా!"

"ఇన్నాళ్ళూ ఆ ప్రమాణం కిందే కదాంటీ అబద్ధాలు రాశాం" అంది సింధు.

ఇప్పుడు తెర మీద పేరూ నంబరూ తప్ప ఏమీ లేవు. మిగతాదంతా తెలుపు. జోస్నాకు అది చూస్తే భయమేసింది. "గింతేనే నేను? ఏముంది రాయనీకి? పొద్దుగాల టిఫిన్ పెట్టించుడు, ట్యాంకరోనికి ఫోన్ కొట్టుడు, పోరగాళ్ళ లెక్క లొల్లి పెట్టుకుంటే ఆపుడు."

"రాయి."

రాసింది. 'హాస్టల్లో టిఫిన్ బాధ్యత వహించాను.'

"బాధ్యత వహించడమంటే ఏంటే? బుట్ట వహించినట్టా? నువ్వేం చేశావో రాయి. చేసినందువల్ల ఏం మారిందో రాయి. నువ్వు రాకముందు నేను గ్రూప్స్ ఎలా రాశానో గుర్తుందా? పరీక్ష కూకట్‌పల్లిలో. నేను బస్సెక్కాక వెంకాయమ్మ గారి ఇడ్లీ పొయ్యి మీదికి ఎక్కింది. ఖాళీ కడుపుతో రాశాను, కళ్ళు తిరిగాయి. నువ్వొచ్చాక ఏం చేశావు?"

"వాట్సాప్‌ల గ్రూప్ పెట్టిన. ఎవరికి ఏ రోజు పరీక్షనో ముందుగాల చెప్పమన్న. గా రోజు వంటామెను తొందరగ రమ్మని, పరీక్ష ఉన్నోళ్ళకు ముందు పెట్టించిన."

"తర్వాత ఎవరైనా ఖాళీ కడుపుతో వెళ్ళారా?"

జోస్నా ఆలోచించింది. "ఎవ్వరు పోలె" అంది మెల్లగా. మళ్ళీ అంది, ఈసారి కాస్త గట్టిగా, "ఒక్కరు గూడ పోలె సింధూ!"

"రాయి మరి!"

ఇక చూడండి, చెరువుకు గండి పడ్డట్టే. ఎండాకాలం బోరు ఎండిపోతే అంతస్తుకో వంతు చొప్పున స్నానాల వేళలు పెట్టిన సంగతి వచ్చింది. ట్యాంకర్ ఆయనతో రోజూ పోట్లాడే బదులు ముందురోజే చెప్పి రప్పించిన సంగతి వచ్చింది. పక్క హాస్టళ్ళు ఖాళీ అయిపోతుంటే తమ హాస్టల్లో ఒక్క మంచం ఖాళీ కాకపోవడం, ఫ్యాన్లు చెడిపోయాయని వచ్చే ఫిర్యాదులకు గోడ మీద బోర్డు పెట్టి, బాగైంది బాగైనట్టు తుడిచేయడం, అన్నీ వచ్చాయి. జోస్నా చెబుతుంటే సింధు కొట్టింది, సింధు అలసిపోతే జోస్నా కొట్టింది. ఇంగ్లీషులో ఏ మాట వాడాలో ఇద్దరూ తగువు పెట్టుకున్నారు. "చిన్న మాట వెయ్యవే, మనం మాట్లాడే మాట వెయ్యి. ఆవిడ గబగబా చదవాలి" అని సింధు, "నీళ్ళ ముచ్చట పైకి తెద్దాం, గీ ఉద్యోగానికి గదే ముఖ్యం" అని జోస్నా! అవును, ఇంటికి పోతానన్న జోస్నానే.

అన్నిటికన్నా పైన ఉద్యోగం పేరు రాయాలి. అక్కడ మాత్రం ఆమె వేళ్ళు ఆగాయి. హాస్టల్ ఇన్‌ఛార్జ్. రెండే మాటలు. చర్చిలో దాచిన మాటలు. కళ్ళు మూసుకుని కొట్టేసింది. ఎక్కడ పనిచేసిందీ రాసింది, ఎందుకు మానేసిందీ దాచకుండా రాసింది. వెంకాయమ్మ గారి నంబరు కింద పెట్టింది.

"ఏం పోగాలమమ్మా, ఒక్క పేజీయేనా?" అంటూనే అమ్మాజీ ప్రింట్ తీసింది. కాగితం వేడిగా బయటికొచ్చింది. తీసుకుని తనే ముందు చదివింది. చదివి, కళ్ళజోడు తీసి, "ఇదంతా నువ్వు చేశావా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో రెజ్యూమె చదివి ఆ ప్రశ్న అడగడం ఆమెకు అదే మొదలు.

జోస్నా కాగితం అందుకుంది. సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది. అద్దంలో కూడా తనను తాను ఇంత బాగా చూసుకోలేదా పిల్ల. "గిది నేనేనా?" అంది.

"నువ్వేనే మొద్దూ! పద, తలుపు తీసేస్తారు!"

ఇద్దరూ పరుగో పరుగు. మెట్రో కింద ఆటోల మధ్య నుంచి, పుచ్చకాయ ముక్కల బండి పక్క నుంచి, హారన్లు మోగుతుంటే ఆడపిల్లలిద్దరూ నవ్వుకుంటూ పరిగెత్తుతుంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ ఊదడం మరిచిపోయి చూశాడు.

లోపల ఏసీ చల్లదనం. బల్ల వెనక జ్యోతిక మేడమ్. కాటన్ చీర, పొట్టి జుట్టు, పొద్దున్నుంచి ఒకే పాట విని విసిగిపోయిన మొహం. పక్కన ఆ కుప్ప నిజంగానే ఉంది. జోస్నా కొత్త కాగితం ఇచ్చింది. ఆమె తీసుకోగానే చదవడం మొదలుపెట్టింది. కనుబొమ్మలు లేచాయి. సగం దాకా వచ్చి ఆగి, కుప్పలో చెయ్యి పెట్టి వెతికింది.

మన జోస్నా ఒక సంగతి మరిచిపోయింది. హడావుడిలో సింధు కూడా మరిచిపోయింది. చక్రపాణి సార్ పొద్దున్నే అందరి రెజ్యూమెలూ ఈ ఆఫీసుకు మెయిల్ చేసేశాడు. వాటి ప్రింట్లన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి. జ్యోతిక చేతిలోకి పాత కాగితం వచ్చింది. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇందులో రెండేళ్ళు చక్రవర్షలో పనిచేశావు. ఇందులో అవే రెండేళ్ళు హాస్టల్లో. ఒక మనిషి రెండు చోట్ల ఎలా ఉంటుందమ్మా?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ అనొచ్చు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పొరపాటు చేశారనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో జోస్నాకు, అమ్మాజీ దగ్గర వేడివేడిగా చేతికందిన ఆ కాగితం గుర్తొచ్చింది. వేలు చాచి పాత కాగితాన్ని పక్కకు నెట్టింది.

"గది అబద్ధం మేడమ్. నేనే ఒప్పుకున్న, నేనే పంపమన్న. ఎవ్వరి మీద పెట్ట. గిది నిజం. గిందుల ఒక్క అక్షరం అబద్ధం లేదు."

"ఒకసారి అబద్ధం ఇచ్చినదానివి. రెండోది నిజమని నేనెలా నమ్మను?"

న్యాయమైన ప్రశ్నే. జోస్నా బ్యాగులోంచి ఫోన్ తీసి, హాస్టల్ వాట్సాప్ గ్రూప్ తెరిచి, మేడమ్ చేతిలో పెట్టింది. హాస్టల్ మూతపడ్డా గ్రూప్ మూతపడలేదు. జ్యోతిక పైకి జరుపుతూ చదివింది. 'రేపు పరీక్ష ఉన్నోళ్ళు పేరు చెప్పుండ్రి. పరీక్ష లేకున్నా ముందు తిందామనుకునేటోళ్ళు చెప్పకుండ్రి.' ఆమె పెదవి మూల కదిలింది. 'రెండో అంతస్తు స్నానాలు అయినయి. మూడో అంతస్తు రావొచ్చు. బకెట్ల కోసం కొట్లాడితే ఇద్దరికి బకెట్ బంద్.' ఈసారి బయటికే నవ్వింది. కింద ఎవరో అమ్మాయి పెట్టిన మెసేజ్ ఉంది: 'జోస్నక్కా, ఈ కొత్త హాస్టల్లో నువ్వు లేవు. నీళ్ళూ లేవు.'

ఫోన్ చేతిలోనే పట్టుకుని, బల్ల మీది ల్యాండ్‌లైన్ స్పీకర్ నొక్కి, వెంకాయమ్మ నంబరు కలిపింది.

"జోస్నానా? ఎవరండీ మీరు? ఉద్యోగమిస్తారా?" వెంకాయమ్మ గొంతు గది అంతా నిండింది. "ఆ పిల్ల నా మాట ఒక్కటి వినేది కాదండీ. నేను ఇడ్లీ అంటే ఉప్మా అనేది, నేను పొద్దెక్కాక అంటే తెల్లారకముందే అనేది. చివరికి దాని మాటే నెగ్గేది, అందరూ దాన్నే మెచ్చుకునేవారు. ఇవ్వండి, ఇవ్వండి. నా కళ్ళు చల్లబడతాయి."

ఫోన్ పెట్టేసి జ్యోతిక కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దున్నుంచీ ఉన్న విసుగు మొహం ఇప్పుడు లేదు. "మా కస్టమర్లూ అంతేనమ్మా. నీళ్ళు రాలేదని మన మీద అరుస్తారు. అరిచేవాళ్ళ కడుపు నింపడం తెలిసినవాళ్ళు కావాలి నాకు. సోమవారం రాగలవా?"

సోమవారం! చౌటుప్పల్ బస్సెక్కాల్సిన సోమవారం! జోస్నా వస్తానందో, థాంక్యూ అందో ఆమెకే తెలియదు. ఎగిరి గంతేయకుండా కుర్చీ పట్టుకుని కూర్చుంది. బయట అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్న సింధు, ఆమె మొహం చూడగానే సంగతి అర్థమై, అక్కడే గిర్రున తిరిగింది. ఈ ఒక్క క్షణం జోస్నాను అలాగే వదిలేద్దామని నాకూ ఉంది. కానీ జ్యోతిక పాత కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఒక్క చిన్న పని. ఇన్ని వందల మంది పిల్లల చేత అబద్ధం చెప్పిస్తున్నదెవరో నాకు తెలియాలి. మా లాయరు గారు పోలీసు కంప్లయింటు సిద్ధం చేశారు. ఫోన్‌లో మాట్లాడే మనిషి దొరికితే చాలన్నారు." స్పీకర్ నొక్కి చక్రవర్ష నంబరు కలిపింది. జోస్నా ఫోన్ ఇంకా ఆమె ఎడమ చేతిలోనే ఉంది.

రెండు రింగులు. "గుడ్ ఆఫ్టర్‌నూన్. చక్రవర్ష ఇన్ఫో సొల్యూషన్స్, ఎచ్చార్ డిపార్ట్‌మెంట్. చెప్పండి మేడమ్, ఎలా సహాయపడగలను?"

గంభీరమైన గొంతు. ప్రతి ఆదివారం చర్చిలో కీర్తనలు చదివే గొంతు. సైకిల్ నేర్పుతూ 'పడవు చెల్లే, నేను పట్టుకున్న' అని వెనక నుంచి పరిగెత్తిన గొంతు. దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్లలో అడుగు పెట్టొద్దని అన్న ఎందుకన్నాడో జోస్నాకు ఇప్పుడు అర్థమైంది. నాయన చర్చిలో నిలబడి చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చింది.

"మీ దగ్గర రెండేళ్ళు పనిచేసిన ఒక అమ్మాయి గురించి. పేరు జోస్నా" అంది జ్యోతిక.

అటు నుంచి ఎదురు ప్రశ్న వచ్చింది. "ఏ జోస్నా మేడమ్?"

జ్యోతిక పాత కాగితం చూసి చదివింది. "తండ్రి పేరు ఇస్సాకు అని ఉంది."

తర్వాత అటువైపు నుంచి ఒకసారి గొంతు సవరించుకున్న శబ్దం. మళ్ళీ ఒకసారి.

"చేసింది మేడమ్. రెండేళ్ళు చేసింది." ఆ గంభీరమైన గొంతు అక్కడితో ఆగాలి. ఆగలేదు. నేర్చుకున్న భాష ఎక్కడికో జారిపోయింది. "మస్తు మంచి పిల్ల మేడమ్. కష్టపడుతది. ఎవ్వరి ముందట చెయ్యి చాపది, ఎన్నడు అబద్ధం ఆడది. జర తీసుకోండ్రి మేడమ్ దాన్ని. మీ కాళ్ళు మొక్కుత." టక్కున లైను కట్టయింది.

'మస్తు మంచి పిల్ల' అనేముందు మాత్రం గొంతు సవరించుకోలేదు వాడు. జోస్నాకు తెలుసు. ఉబికి వస్తున్న కన్నీళ్ళను రెప్పల వెనకే ఆపుకుంది.

జ్యోతిక స్పీకర్ వైపు వింతగా చూసింది. "ఎచ్చార్ వాళ్ళు బతిమాలడం నేనెక్కడా వినలేదు." ఆమె చూపు మెల్లగా జోస్నా మీదికి తిరిగింది. "పాలిపోయావేంటమ్మా? ఇందాక నిజం చెప్పావు కాబట్టి అడుగుతున్నాను. ఆ గొంతు ఎవరిదో నీకు తెలుసా?"

ఒక నిజం చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది. ఇంకో నిజం చెబితే అన్న జైలుకు పోతాడు, నాయన మళ్ళీ చర్చిలో తలెత్తుకోలేడు. చెప్పకపోతే, ఆ కొత్త కాగితం కూడా పాత కాగితం పక్కకే పోతుంది. జోస్నా నోరు తెరిచింది.

మాట రాకముందే ఫోన్ మోగింది. ల్యాండ్‌లైన్ కాదు. జ్యోతిక ఎడమ చేతిలో ఉన్న జోస్నా ఫోన్.

జ్యోతిక తెర వైపు చూసింది. మెడలో టై, చేతిలో పాటల పుస్తకం, నవ్వుతున్న కుర్రాడి ఫొటో. కింద పేరు, ప్రేమన్న. ఆమె ఆ పేరు చూసింది, ఇంకా వేడి తగ్గని స్పీకర్ వైపు చూసింది, జోస్నా మొహం చూసింది. ఫోన్ మోగుతూనే ఉంది.

"ఎత్తనా జోస్నా?" అంది.